తళతళలాడే మార్టిని-హెన్రీ కొనవచ్చా?

మీరు అడిగింది ఇది: హెచ్‌1బి మీద టెక్సస్‌లో ఉన్నారు. ఆన్‌లైన్ వేలంలో 1880ల నాటి మార్టిని-హెన్రీ (బ్రిటిష్ సైన్యం వాడిన ఒంటి తూటా రైఫిల్) ఒకటి కనిపించింది. "ఎక్సలెంట్ కండిషన్" అని రాశారు, బ్యారెల్ తళతళలాడుతోంది. కొనవచ్చా? నేనైతే కొనను. ఆ తళతళే కారణం.

అమెరికాలో పాత తుపాకులకు ఎక్కువగా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గ్రేడింగే వాడతారు. అందులో కొత్త తుపాకులకు ఒక కొలత, యాంటిక్‌లకు ఇంకొకటి ఉంటాయి. యాంటిక్ "ఎక్సలెంట్" అనిపించుకోవాలంటే భాగాలన్నీ అసలువే అయి ఉండాలి, ఫ్యాక్టరీ ఫినిష్ (లోహం మీది అసలు రంగు పూత) 80 శాతానికి పైగా మిగలాలి, లోహం మీద కొట్టిన అక్షరాలు పదునుగా ఉండాలి. "ఫైన్"కు ఫినిష్ 30 శాతం దాటితే చాలు. "వెరీ గుడ్"లో ఫినిష్ అసలు లేకపోయినా పర్వాలేదు, భాగాలు అసలువై అంచులు స్పష్టంగా ఉంటే సరిపోతుంది. గట్టిగా తోమినవి, మళ్లీ బ్లూయింగ్ (లోహానికి నీలి నలుపు రంగు) చేసినవి "గుడ్"కు దిగిపోతాయి. అంటే రంగు పోయి గోధుమవన్నెకు తిరిగిన రైఫిల్ కూడా, ఎవరూ చెయ్యి పెట్టకపోతే, మీరు చూసిన దాని కన్నా పై మెట్టులో ఉంటుంది. ధర కూడా అలాగే పలుకుతుంది.

తోమారో లేదో ఫోటోలోనే చాలా వరకు తెలుస్తుంది. రిసీవర్ (బ్యారెల్ వెనక యంత్రం ఉండే ఇనుప పెట్టె) కుడి పక్కన కిరీటం, విక్టోరియా రాణిని సూచించే వి.ఆర్. అక్షరాలు, తయారీదారు పేరు, సంవత్సరం, మోడల్ తెలిపే మార్క్ నంబరు వరసగా ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఫ్యాక్టరీదా, బీఎస్‌ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) వాళ్లదా, ఎల్‌ఎస్‌ఏ (లండన్ స్మాల్ ఆర్మ్స్) వాళ్లదా అన్నది అక్కడే తెలుస్తుంది. మెరుగు పెట్టే బఫింగ్ చక్రం పెడితే ఈ అక్షరాలు ఒక పక్కకు పలచబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం గుంటలా లోపలికి వంగుతుంది, రిసీవర్ అంచులు గుండ్రబడతాయి. పాత శాసనాన్ని ఇసుక కాగితంతో రుద్దినట్టే: రాయి నున్నగా అవుతుంది, చదవాల్సింది పోతుంది. పోయిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు. చెక్క దగ్గరా ఇదే చూడాలి. అసలైన వాల్‌నట్ స్టాక్ (తుపాకీ చెక్క భాగం) లోహం కన్నా కొంచెం ఎత్తుగానో, సమంగానో ఉంటుంది. చెక్క లోపలికి దిగి ఇనుము అంచు పైకి తేలిందంటే సాండింగ్ చేసినట్టే. బట్ (భుజానికి ఆనించే చెక్క) కుడి పక్కన గుండ్రని ముద్ర మసకగా కనిపించినా, అసలు లేకపోయినా అనుమానించండి. బట్ రిసీవర్‌లో కలిసే చోట సన్నటి పగుళ్లు మార్టినీల్లో మామూలే. వాటిని దాచకుండా ఫోటో పెట్టిన అమ్మకందారు మీద నాకు నమ్మకం కలుగుతుంది.

బోర్ (బ్యారెల్ లోపలి గొట్టం) గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. ఇది బ్లాక్ పౌడర్ (నల్లటి తుపాకీ మందు) కాలం తుపాకీ: 85 గ్రెయిన్ల మందు, 480 గ్రెయిన్ల సీసపు గుండు. ఆ మందు మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి బోర్ నల్లగా ఉండటం సహజం. లీవర్ కిందికి దించి, ఛాంబర్ (తూటా పెట్టే చోటు) వైపు చిన్న లైటు పెట్టి, మూతి వైపు నుంచి చూడండి. అలెగ్జాండర్ హెన్రీ రూపొందించిన గాళ్లు (గుండును తిప్పి సూటిగా పంపే లోపలి మెలి గీతలు) ఏడూ చివరి దాకా స్పష్టంగా ఉంటే నలుపు ఉన్నా నేను తీసుకుంటాను. మెరుస్తున్నా గాళ్లు అరిగి ఉంటే వద్దు.

ఇక్కడ మన చరిత్రకు సంబంధించిన ఒక మాట. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు సిపాయిల చేతికి ఎన్‌ఫీల్డ్ మస్కెట్లను రైఫ్లింగ్ (ఈ గాళ్లు) లేకుండా ఇచ్చారు. ఉన్నవాటి గాళ్లను తొలిచేశారు, 1858 నమూనాను నున్నటి బోర్‌తోనే చేయించారు. అలాంటి తుపాకీని పట్టుకుని "గాళ్లు అరిగిపోయాయి" అని తక్కువ గ్రేడ్ ఇచ్చేవాళ్లను గన్ షోల్లో చూశాను. అది అరుగుదల కాదు, తెల్లదొరల భయం. ఆ తుపాకీలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఆ బోరే.

ఇక్కడి మార్కెట్లో తిరిగే మార్టినీల్లో చాలా భాగం నేపాల్‌వి. 2003లో రెండు అమెరికన్ వ్యాపార సంస్థలు కాఠ్మాండూలోని లగన్ సిలేఖానా అనే పాత ప్యాలెస్ ఆయుధాగారంలోని నిల్వను మొత్తంగా కొన్నాయి. వాటి మీద దేవనాగరి అంకెలుంటాయి. బడిలో హిందీ చదివిన మనకు అవి చూడగానే తెలుస్తాయి. సంవత్సరం ఉంటే విక్రమ సంవత్ లెక్క కాబట్టి 57 తీసేయండి. నా దగ్గరున్న నేపాల్ మార్టినీ మీద గ్రీజు గట్టిపడి నల్లటి పెచ్చులా ఉండేది. ఆ పెచ్చే లోహాన్ని కాపాడింది. మినరల్ స్పిరిట్స్ (గ్రీజు కరిగించే ద్రవం), గుడ్డ, ఓపిక, అంతే వాడాను. వైర్ బ్రష్ దగ్గరకు రానివ్వలేదు. చూడటానికి మార్టినీలాగే ఉండే గహేంద్ర రైఫిల్ నేపాల్‌లోనే చేసింది, లోపలి యంత్రం వేరు. అరుదైనదే, సేకరణకు చాలా బాగుంటుంది, కానీ దాన్ని పేల్చే ఆలోచన వద్దు.

నకిలీల విషయానికొస్తే, పెషావర్ దగ్గరి దర్రా ఆదమ్ ఖేల్ పనివాళ్ల చేతి పని ఎక్కువగా కనిపిస్తుంది. "ఎన్‌ఫీల్డ్" అని ఇంగ్లిష్‌లో రాసినప్పుడు ఎన్ తిరగబడి ఉండటం, కిరీటం వంకరగా ఉండటం, ముద్ర కొట్టకుండా ఉలితో గీసినట్టుండటం గుర్తులు. వి.ఆర్. పక్కన 1905 లాంటి సంవత్సరం ఉంటే ఇక చూడక్కర్లేదు, విక్టోరియా 1901 జనవరిలోనే చనిపోయింది. ఆ పనివాళ్ల నైపుణ్యాన్ని నేను గౌరవిస్తాను, దర్రా పని అని చెప్పి అమ్మితే కొంటాను కూడా. బ్రిటిష్ ధర మాత్రం ఇవ్వను.

చట్టం సంగతి: 1898లోగా తయారైనది ఫెడరల్ చట్టంలో యాంటిక్, "ఫైర్‌ఆర్మ్" లెక్కలోకి రాదు. అందువల్ల వీసా మీదున్నవాళ్లకు ఉన్న ఫెడరల్ నిషేధం దీనికి వర్తించదు. రిసీవర్ మీది సంవత్సరమే మీ ఆధారం. తూటాలు, ప్రైమర్లు (మందును అంటించే చిన్న మూతలు), తుపాకీ మందు మాత్రం లాయర్‌ని అడగకుండా ఇంట్లో పెట్టుకోకండి. రాష్ట్రాల చట్టాలు వేరువేరు, ఇల్లు మారినప్పుడు మళ్లీ చూసుకోవాలి. ఊళ్లో తాతల నాటి తుపాకీ ఉంటే ఇక్కడికి తెచ్చుకుందామనీ అనుకోవద్దు, వందేళ్లు దాటిన వస్తువులను సొంతంగా దేశం దాటించడానికి 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.

వేలం ముగిసేలోపు అమ్మకందారును ఈ ఫోటోలు అడగండి: రిసీవర్ కుడి పక్క దగ్గరగా, స్క్రూ తలలు, చెక్క లోహంతో కలిసే చోటు, మూతి వైపు నుంచి బోర్. ఇవ్వనంటే వదిలేయండి. ఇస్తే ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను.