ఎంచుకోవడమా, ఉంచడమా?

ప్రశ్న: పోయిన ఆదివారం మా సంఘంలో ‘సందేహాన్ని విడిచి విశ్వాసాన్ని ఎంచుకోండి’ అని బోధకులు పదేపదే చెప్పారు. విశ్వాసాన్ని ‘ఎంచుకోవడం’ తెలుగేనా? విశ్వాసం, నమ్మకం ఒకటేనా? అవిశ్వాసం అనాలా, అపనమ్మకం అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ చెవికి తగిలిన ఇబ్బంది నా చెవికీ తగిలింది. ఎంచుకోవాలంటే రెండూ ఎదురుగా ఉండాలి. పుచ్చకాయలు తట్టిచూసి ఒకటి ఎంచుకుంటాం, పెళ్లిచీర ఎంచుకుంటాం. విశ్వాసం అలా బేరానికి వచ్చే సరుకు కాదు. తెలుగు బైబిలు దానికి వాడిన క్రియ ‘ఉంచు’. ‘భయపడకుము, నమ్మిక మాత్రముంచుము’ అని సమాజమందిరపు అధికారి యాయీరుతో యేసు అన్న మాట మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఉంది. ఉంచడానికి చోటు కావాలి కనుక ‘నాయందు’ అనే మాట ఆ క్రియకు తోడుగా వస్తుంది. ‘ఎంచు’ కూడా బైబిల్లో ఉంది గాని అక్కడ దానికి లెక్కించడమని అర్థం. అబ్రాహాము దేవుని నమ్మాడు, అది అతనికి ‘నీతిగా ఎంచబడెను’. ఉంచేది మనిషి, ఎంచేది దేవుడు. ఇంత చక్కని ఏర్పాటును ఇప్పటి ప్రసంగాలు తారుమారు చేస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

విశ్వాసానికి ధాతువు ‘శ్వస్’, ఊపిరి తీయడం. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు దాని పిల్లలే. కావ్యంలో అధ్యాయాన్ని ఆశ్వాసం అనడం కూడా ఇక్కడిదే. కథ అక్కడ ఊపిరి తీసుకుంటుంది. ‘వి’ చేరితే బిగపట్టకుండా, నిబ్బరంగా ఊపిరి తీయడం. పులి ఉన్నచోట ఎవరూ అలా ఊపిరి తీయరు, అమ్మ ఒళ్లో తీస్తారు. కుక్కకు విశ్వాసం ఎక్కువ అన్నప్పటి అర్థం వేరు, అది యజమాని మీది కట్టుబాటు. ‘సందేహం’లోని ‘దిహ్’ ధాతువుకు పులమడమని అర్థం. అంతా కలిపి పులిమేస్తే ఏది ఏదో కనబడదు.

నమ్మకం అచ్చతెలుగు. తమిళ, కన్నడాల ‘నంబు’కు చుట్టం. ‘నమ్మాను’కీ ‘నమ్ముకున్నాను’కీ చాలా దూరముంది. వార్తను నమ్ముతాం, భూమిని నమ్ముకుంటాం. చిన్నప్పుడు మా వీధి మందిరంలో ఒక ముసలమ్మ, మనవణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, వాడి నుదుటి మీద తడిగుడ్డ తిప్పి వేస్తూ ‘నిన్నే నమ్ముకున్నాను తండ్రీ, మరి వీడి జ్వరం దిగదేం?’ అనడం విన్నాను. ఒక్క వాక్యంలో విశ్వాసమూ ఉంది, సందేహమూ ఉంది. ఆమె ఏదీ ఎంచుకోలేదు.

ఇక్కడ పోతన గుర్తుకు రాకపోతే నేను తెలుగువాణ్ణి కాను. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు ‘కలఁ డందురు దీనులయెడ’ అనే పద్యం ఎత్తుకుంటాడు. కలడు అంటారు, కలడు అంటారు, కలడు అంటారు. మూడుసార్లూ ‘అందురు’, ఆ అనేవాళ్లంతా పరులే. ఆ వినికిడిని మోస్తూ మోస్తూ చివరికి ‘కలఁడు గలం డనెడువాఁడు గలఁడో లేఁడో’ అని కూలబడతాడు. పోతన ఆ సందేహాన్ని దాచలేదు, భక్తుడి నోటే పలికించాడు. ఆ తరువాత ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో ‘నీవే తప్ప’ అంటాడు. ‘వాడు’ పోయి ‘నీవు’ వచ్చింది. ప్రథమపురుషలో ఉన్నంతసేపే ‘కలడో లేడో’. మధ్యమపురుషలోకి వచ్చాక ఆ ప్రశ్నకే చోటు లేదు, ‘రావే’ అన్న పిలుపే మిగిలింది. పురుష మారిన ఈ చోటును ఎన్నిసార్లు చదివినా నాకు కళ్లు చెమరుస్తాయి.

మార్కు 9వ అధ్యాయంలో మూగదయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రిదీ ఇదే దారి. మొదట ‘నీవలననైతే’ అన్నాడు. ఆ ‘ఐతే’లో ఉంది సందేహమంతా. కాసేపటికే ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము’ అని కేకపెట్టాడు. అపనమ్మకం పోయాక రమ్మని యేసు అతణ్ణి పంపివేయలేదు, కొడుకును బాగుచేశాడు. మత్తయి చివరి అధ్యాయంలో కొండమీద శిష్యులు మొక్కారు, ‘కొందరు సందేహించిరి’. వారినీ కలుపుకునే ‘మీరు వెళ్లి’ అన్నాడు.

అలాగని బోధకుల మాట తప్పని తేల్చలేను. మోషే తరువాత ఇశ్రాయేలీయులను నడిపిన యెహోషువ జనం ముందు నిలబడి ఎవరిని సేవిస్తారో ‘నేడు మీరు కోరుకొనుడి’ అన్నాడు. మార్త సహోదరి మరియ ఉత్తమమైనదాన్ని ‘ఏర్పరచుకొనెను’. కోరుకోవడం ఉంది కనుక ఎంచుకోవడాన్ని బొత్తిగా తోసిపుచ్చడం కుదరదు. నన్నడిగితే ‘సందేహం మాని ఆయనయందు నమ్మిక ఉంచండి’ అంటే చాలు.

‘అవిశ్వాసం’ ఇప్పుడు శాసనసభల్లో తీర్మానమై కూర్చుంది, వినగానే ప్రభుత్వం పడిపోతుందేమో అనిపిస్తుంది. అపనమ్మకంలో ‘అప’ అనే సంస్కృత ఉపసర్గను తెలుగు మాటకు తగిలించారని పండితులు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ఆ తండ్రి కేకలో ఉన్న మాట అదే, నేను అదే రాస్తాను.