గ్రేడ్ 2 పబ్బు కొన్నాం, లోపలి చెక్క అరలు తీసేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాం. నేనూ మా బావమరిదీ కలిసి బర్మింగ్‌హామ్ దగ్గర 1890లలో కట్టిన పబ్బును స్థలంతో సహా కొన్నాం. అది గ్రేడ్ 2 లిస్టెడ్ భవనం, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం రక్షిత జాబితాలో చేర్చినది. పబ్బు నడుపుతూనే ఆంధ్ర భోజనం కూడా పెట్టాలని మా ఆలోచన. లోపల చెక్క అడ్డుగోడలతో చిన్న చిన్న అరలు, బారు కౌంటరు మీద గాజు రెక్కలు ఉన్నాయి. అవన్నీ తీసేసి ఒకే హాలు చేద్దామనుకుంటున్నాం. గ్రేడ్ 2 అన్నిటికన్నా తక్కువ స్థాయి కాబట్టి ముందు గోడ జోలికి పోకపోతే చాలని మా బిల్డరు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్మి పని మొదలుపెట్టకండి. ఇప్పటికే మొదలై ఉంటే ఈరోజే ఆపించండి.

గ్రేడ్ 2 వరుసలో చివరిదే. ఇంగ్లండులోని లిస్టెడ్ భవనాల్లో పదింట తొమ్మిదికి పైగా ఈ తరగతివే. కానీ అనుమతి లేకుండా ముట్టుకోకూడదనే నిబంధన అన్ని తరగతులకూ ఒక్కటే. 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం, భవనం ప్రత్యేకతను ప్రభావితం చేసే ఏ మార్పుకైనా కౌన్సిల్ నుంచి ముందుగా లిస్టెడ్ భవన అనుమతి ఉండాలి. ఇందులో లోపల, బయట అన్న తేడా లేదు. గోడలకు, నేలకు బిగించిన వస్తువులన్నీ భవనంలో భాగమే. పెరట్లో 1948 జూలై 1కి ముందు నుంచి ఉన్న పాత గుర్రపుశాల వంటిది ఉంటే, అదీ సాధారణంగా ఈ రక్షణ కిందికే వస్తుంది.

జాబితాలోని వివరణలో మీ అరల ప్రస్తావన లేదని బిల్డరు రేపు మరో మాట అనవచ్చు. పాత వివరణలు చాలావరకు భవనాన్ని గుర్తుపట్టడానికి రాసిన నాలుగు వాక్యాలు మాత్రమే. వాటిలో లేనంత మాత్రాన రక్షణ పోదు. ఫలానా భాగానికి ప్రత్యేకత లేదని జాబితాలోనే స్పష్టంగా రాసి ఉంటే సంగతి వేరు. 2013 తర్వాతి నమోదుల్లో అలా రాసే వీలుంది.

ఆ గాజు రెక్కల గురించి కొంచెం చెప్పాలి. వాటిని స్నాబ్ స్క్రీన్లు అంటారు. మనిషి ముఖం ఎత్తున, ఇరుసు మీద తిరిగే చిన్న చిన్న నగిషీ గాజు పలకలు. విక్టోరియా కాలంలో ఖరీదైన గదిలో కూర్చున్నవారు అవతలి గదిలోని కూలీల కంట పడకుండా, పలక తిప్పి తమకు కావలసింది అడిగేవారు. ఒకే కప్పు కింద ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ కాలం ఎలా నిర్ణయించిందో ఆ పలకలు, అరలు చూస్తే తెలుస్తుంది. 1960, 70లలో పబ్బుల లోపలి గోడలు కూల్చి పెద్ద హాళ్లు చేయడంతో దేశమంతటా ఇలాంటివి మాయమయ్యాయి. మీ దగ్గర అసలువే మిగిలి ఉంటే చాలా విలువైనవి. వాటిని తీసేస్తామంటే కౌన్సిల్ ఒప్పుకుంటుందన్న ఆశ నాకు లేదు.

మీ ఊరి దగ్గరే ఆస్టన్‌లో బార్టన్స్ ఆర్మ్స్ ఉంది. 1901 నాటికి పూర్తయిన పబ్బు, గ్రేడ్ 2 స్టార్, అంటే మీ దానికన్నా ఒక మెట్టు పై తరగతి. మింటన్ హాలిన్స్ సంస్థ పింగాణీ పలకల గోడలు, స్నాబ్ స్క్రీన్లు ఇప్పటికీ చూడవచ్చు. థాయ్ భోజనానికి కూడా ఆ పబ్బు పేరు పొందింది. ప్లాను గీయించే ముందు మీ బావమరిదిని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి రండి. నలుగురు కూర్చునే అరలో విస్తరి వేస్తే మీ భోజనానికి లోటేమీ రాదు.

అనుమతి లేకుండా మార్పు చేయడం 9వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ పని వల్ల కలిగిన లాభాన్ని కూడా జరిమానా లెక్కలో కోర్టు చూస్తుంది. లిస్టెడ్ అని తెలియదన్న వాదన చెల్లదు. పని చేసిన బిల్డరూ బాధ్యుడే, ఆ సంగతి ఆయనకు చెప్పండి. ఇవి కాక, తీసేసినదాన్ని మళ్లీ పెట్టించే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు ఉంది. దానికి కాలపరిమితి లేదు. మీకు ముందున్న యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పుకు కూడా ఆ నోటీసు మీకే రావచ్చు. అందుకే కొన్ననాటి కాగితాలు, పాత ఫొటోలు ముందేసుకుని ఏవి పాత మార్పులో చూసుకోండి.

కౌన్సిళ్లు అంతవరకు వెళతాయా అనిపిస్తే లండన్‌లోని కార్ల్‌టన్ టావెర్న్ కథ వినండి. 1920ల నాటి ఆ పబ్బును లిస్టులో చేర్చే ఆలోచన నడుస్తుండగానే 2015 ఏప్రిల్‌లో యజమాని సంస్థ అనుమతి లేకుండా కూల్చేసింది. ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టాలని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఆదేశించింది. అప్పీలులోనూ ఆ ఆదేశమే నిలిచింది. 2021లో పబ్బు మళ్లీ తెరుచుకుంది. అది అప్పటికి లిస్టెడ్ కూడా కాదు. మీది లిస్టెడ్.

వంటగది విషయానికి వస్తే, మన తాళింపులకు పెద్ద పొగగొట్టం కావాలి. దానికి లిస్టెడ్ భవన అనుమతి, ప్లానింగ్ అనుమతి (కట్టడాలకు, వాడకం మార్పుకు కౌన్సిల్ ఇచ్చే మామూలు అనుమతి) రెండూ అవసరం కావచ్చు. వెనుక వైపు, వీధిలోకి కనపడకుండా ప్లాను చేయించండి. పబ్బుగా నడుపుతూ భోజనం పెట్టడం వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. బారు ఎత్తేసి పూర్తి రెస్టారెంటుగా మార్చాలంటే మాత్రం ప్లానింగ్ అనుమతి తప్పనిసరి. అంతకుముందు అనుమతి లేకుండానే అలా మార్చుకునే వెసులుబాటు ఉండేది, 2017 మే నుంచి ఇంగ్లండులో దాన్ని తీసేశారు. పేరు మార్చి కొత్త బోర్డు బిగించాలన్నా ముందు అడగండి.

లిస్టెడ్ భవన అనుమతి దరఖాస్తుకు ఇంగ్లండులో రుసుము లేదు. నిర్ణయానికి మామూలుగా 8 వారాల గడువు. కాదంటే 6 నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తు కన్నా ముందు కౌన్సిల్‌లో పాత భవనాల రక్షణ చూసే కన్జర్వేషన్ ఆఫీసరును కలవండి. ఈ ముందస్తు సలహాకు చాలా కౌన్సిళ్లు డబ్బు తీసుకుంటాయి, అయినా పెట్టదగ్గ ఖర్చే. పాత భవనాలు తెలిసిన ఆర్కిటెక్టుతో హెరిటేజ్ స్టేట్‌మెంట్ రాయించండి, అంటే భవనం విలువ ఏమిటో, మీ మార్పులు దాన్ని ఎలా తాకుతాయో చెప్పే నివేదిక. ప్రతి గది, ప్రతి అర, ప్రతి గాజు పలక ఫొటో తేదీతో సహా ఇప్పుడే తీసి పెట్టుకోండి. అనుమతి పత్రం చేతికొచ్చాక అందులోని షరతులను బిల్డరు ఒప్పందంలో చేర్చి సంతకం తీసుకోండి. అంతవరకు ఆయనకు అడ్వాన్సు ఇవ్వవద్దు.