క్యూబిస్టు చిత్రాల్లో గిటారు, సీసా, పేపరు దేనికి గుర్తులు?

గిటారు అంటే స్త్రీ దేహం, సీసా అంటే మత్తు, న్యూస్‌పేపరు అంటే కాలం... ఇలా ఏదైనా పట్టిక ఉందా అని అడిగారు. ఒకప్పుడు నేనూ దానికోసమే వెతికాను. లేదండీ.

17వ శతాబ్దపు డచ్చి చిత్రాల్లో పుర్రె, పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి కనిపిస్తే మృత్యువని చెప్పేయొచ్చు. వస్తువుల్ని ముక్కలుగా విడగొట్టి గీసే క్యూబిజానికి ఆద్యులైన పికాసో, బ్రాక్‌ల చిత్రాల్లో బల్ల మీద ఉన్నవి మాత్రం రోజూ వాళ్ల చేతికి తగిలే కేఫ్ సామాన్లే: గ్లాసు, పైపు, పేకముక్కలు, పేపరు. ముట్టుకుంటే ప్రాణం వచ్చే వస్తువులు కాబట్టి వాయిద్యాలంటే ఇష్టమని బ్రాకే చెప్పాడు.

పారిస్ పికాసో మ్యూజియంలో పికాసో వేసిన 1912 నాటి 'కుర్చీ అల్లికతో స్టిల్ లైఫ్' (బల్ల మీది వస్తువుల చిత్రం) చూశాను. పుస్తకాల్లో చూసి ఎంతో పెద్దదనుకున్నా. తీరా చూస్తే 29 బై 37 సెంటీమీటర్లు, అన్నం పళ్లెమంత! ఆ పేము అల్లిక కూడా అల్లిక కాదు, అల్లిక డిజైన్ అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క. అంచు చుట్టూ ఉన్న తాడు మాత్రం నిజం తాడే. పైన జె, ఓ, యు అని మూడక్షరాలు. ఫ్రెంచిలో పేపరుకి 'జూర్నాల్' అంటారు, ఆడుకోవడాన్ని 'జూయే' అంటారు. రెండూ ఆ మూడక్షరాలతోనే మొదలవుతాయి. ఏది నిజమో ఏది అచ్చో తేల్చుకోలేక ముందుకీ వెనక్కీ నడుస్తుంటే గార్డు నన్ను అనుమానంగా చూశాడు.

అలాగని అర్థమేమీ లేదని అనను. అదే ఏడాది చివర్లో పికాసో చేసిన సూజ్ (ఒక ఫ్రెంచి మద్యం) సీసా కొలాజ్‌లో, అంటే కాగితం ముక్కలు అతికించి చేసిన బొమ్మలో, అంటించిన పేపరు ముక్కల్లో బాల్కన్ యుద్ధం వార్తలున్నాయి, కలరా పాలైన సైనికుల కథనంతో సహా. కొన్ని ముక్కలు తలకిందులుగా ఉన్నాయి. చదవమనా, చదవొద్దనా? పండితులు దీనిమీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ గొడవేమిటో నాకు బెంగళూరు డ్రాయింగ్ క్లాసులో తెలిసొచ్చింది. కాఫీ గ్లాసు గీసి, దాని నీడ కోసం మా అమ్మ కారప్పొడి ప్యాకెట్‌కి చుట్టి పంపిన తెలుగు పేపరులోంచి ఒక ముక్క చింపి అంటించాను. మా మాస్టారు బెంగాలీ. "ఆ బూడిదరంగు భలే కుదిరింది" అన్నారు. పక్కనే కూర్చున్న అనంతపురం అమ్మాయి తొంగిచూసి, "అదేంటండీ, కాఫీ పక్కన శ్రద్ధాంజలి పెట్టారు?" అంది.

అప్పటిదాకా నేను దాన్ని చదవనేలేదు.