బైబిల్‌లో తప్పు లేదని మేం నమ్మేది ఎందుకు, ఏ అర్థంలో

అడిగినవారు కరీంనగర్ నుంచి. ఆఫీసులో పక్క సీటులో కూర్చునే క్రైస్తవ స్నేహితురాలు "బైబిల్‌లో ఒక్క అబద్ధం కూడా లేదు" అన్నదట. రాసింది మనుషులే, వందల ఏళ్లు చేత్తో చూసి రాసిందీ మనుషులే, మరి చదువుకున్న అమ్మాయి ఆ మాట ఎలా అంటుంది, పైగా పాస్టర్లు ఆ పుస్తకం చూపించి జనాన్ని ఆడించడానికి ఈ నమ్మకమే కారణం కాదా అని అడిగారు. రెండో ముక్కకి నా దగ్గర చెప్పడానికి ఎక్కువ ఉంది, అందుకే రాస్తున్నా.

మాది డోర్నకల్ దగ్గర పల్లె, ఉండేది కాజీపేటలో. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. వేదాంతం చదవలేదు, సండే స్కూల్లో పెద్ద పిల్లలకి పాఠం చెబుతాను, వాళ్లు అడిగే ప్రశ్నలు మీ ప్రశ్న కంటే ఏమీ తేలిక కాదు.

మొదట ఒక అపోహ తీసేయాలి. "బైబిల్ నిజమని బైబిలే చెప్పింది కాబట్టి నిజం" అని మేం అంటామని చాలామంది అనుకుంటారు, కొందరు విశ్వాసులు అలాగే అంటారు కూడా. కానీ మా నమ్మకం పుస్తకంతో మొదలవదు, యేసుతో మొదలవుతుంది. ఆయన చనిపోయి లేచాడని నమ్మినవాళ్లం కాబట్టి ఆయన లేఖనాలను ఎలా చూశాడో అలాగే చూడాలనుకుంటాం. మత్తయి 22వ అధ్యాయంలో చనిపోయినవాళ్లు మళ్లీ లేవరనే సద్దూకయ్యులు అన్న యూదుల వర్గం పునరుత్థానం గురించి వాదనకి వస్తే, మోషే కాలం నాటి ఒక మాట ఎత్తి, "దేవుడు మీతో చెప్పినమాట మీరు చదువలేదా" అన్నాడు. ఎప్పుడో రాసిన మాట, అయినా అది దేవుడు మీతో చెప్పింది అంటున్నాడు. యోహాను 10లో "లేఖనము నిరర్థకము కానేరదు" అన్నదీ ఆయనే. ఆయన మీద నమ్మకం లేనివారికి ఈ వాదన పనిచేయదు, అది ఒప్పుకోవాల్సిందే. మీ స్నేహితురాలి మాట వెనక ఉన్న వరుస మాత్రం ఇది.

ఇక "మనుషులు రాసింది" అన్నది. అవును, మేం కూడా అదే చెబుతాం. దేవదూత చెవిలో చెబుతుంటే రాసుకున్నారని క్రైస్తవులు సాధారణంగా అనరు. యేసు శిష్యుడు పేతురు రెండో పత్రికలో, అంటే ఉత్తరంలో, మనుష్యులు పరిశుద్ధాత్మ వలన ప్రేరేపింపబడినవారై పలికారు అని ఉంటుంది, అంటే పలికింది మనుషులే. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ మొదటినుంచి తరచి తెలుసుకుని రాస్తున్నానని చెప్పుకున్నాడు. అపొస్తలుడైన పౌలు చెరసాల నుంచి రాస్తూ త్రోయ ఊళ్లో వదిలిన అంగీ తీసుకురమ్మని అడుగుతాడు. నాకు బాగా ఇష్టమైనది 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం. నేను ఎవరికి బాప్తిస్మం ఇచ్చాను అని పౌలు లెక్కపెడుతూ ఇద్దరి పేర్లు చెప్పి, మళ్లీ గుర్తొచ్చి స్తెఫను ఇంటివాళ్లని కలిపి, ఇంకెవరికైనా ఇచ్చానేమో "నేనెరుగను" అంటాడు. దేవుని వాక్యం అని మేం నమ్మే పుస్తకంలో రాసినాయన జ్ఞాపకం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఆగిపోయినట్టే రాసి ఉంది. సత్యం అంటే నాకు అలా ఉండాలి. గుర్తులేనిది గుర్తుందని రాయలేదు చూశారా.

తప్పు లేదు అంటే ఏ కొలతతో లేదు అన్నది తర్వాతి సంగతి. 1 రాజులు 7లో సొలొమోను పోత పోయించిన గుండ్రటి నీటి తొట్టి ఉంది, అడ్డం పది మూరలు, చుట్టుకొలత ముప్పై. లెక్కల మాస్టారు వెంటనే ముప్పై ఒకటిన్నర రావాలి కదా అంటారు. వరంగల్ నుంచి హైదరాబాద్ ఎంత అంటే నూట యాభై కిలోమీటర్లు అంటాం, ఎవరూ మనల్ని అబద్ధాలకోరు అనరు. 1978లో అమెరికాలోని షికాగోలో సువార్తిక (ఇవాంజెలికల్) పండితులు కూడి దీనిమీద ఒక ప్రకటన చేశారు, పందొమ్మిది అంశాలు. రౌండ్ ఫిగర్‌గా చెప్పే అంకెలు, కంటికి కనిపించినట్టు ప్రకృతిని వర్ణించడం, ఒకే సంఘటనని ఇద్దరు వేరువేరు వివరాలతో చెప్పడం, ఇవి తప్పుల కిందికి రావని అందులో స్పష్టంగా ఉంది. అంతకన్నా ముఖ్యమైనది, తప్పులేనితనం మొదట రాసిన ప్రతికి చెందుతుందే గాని చూసి రాసిన ప్రతి కాపీకీ కాదని కూడా చెప్పారు. కేథలిక్కులు ఇంకోలా చెబుతారు. వాళ్ల రెండో వాటికన్ మహాసభ 1965లో, మన రక్షణ కోసం దేవుడు రాయించాలనుకున్న సత్యాన్ని లేఖనాలు పొరపాటు లేకుండా బోధిస్తాయని చెప్పింది. మా ఇంటికి దగ్గర్లో ఫాతిమానగర్ కెథడ్రల్‌కి వెళ్లేవాళ్లతో నేను ఈ తేడా గురించి చాలాసార్లు మాట్లాడాను, అనుకున్నంత దూరం లేదు.

కాపీల గురించి అడిగారు కదా. ఇది దాటవేసే విషయం కాదు, ఎందుకంటే డిగ్రీలో ఉన్నప్పుడు హాస్టల్లో ఒక స్నేహితుడు నా ముందు సరిగ్గా ఇదే పెట్టాడు. యూదా దేశంలో యెహోయాకీను రాజైనప్పుడు వయసు 2 రాజులు 24:8లో పద్దెనిమిది, 2 దినవృత్తాంతాలు 36:9లో ఎనిమిది. ఒకటి తప్పు కావాలి. సెలవులకి ఊరెళ్లినప్పుడు మా సంఘం పాస్టర్ అయ్యగారిని అడిగితే ఆయన చిరాకు పడలేదు, ఇలాంటివి అడగొద్దని అనలేదు. ఎనిమిది అన్నది చూసి రాసినవాళ్ల చేతిలో జారిన అంకె అయివుంటుందని, సిరియా భాష అనువాదంలోనూ కొన్ని పాత గ్రీకు ప్రతుల్లోనూ అక్కడ పద్దెనిమిదే ఉందని చెప్పారు. ఆ తర్వాత నేను చదువుకున్నది ఇంకా బలమైనది. అతన్ని బబులోనుకి చెరపట్టుకుపోయింది క్రీ.పూ. 597లో. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల్లో చెరలో ఉన్నవాళ్లకి ఇచ్చే నూనె లెక్కలున్నాయి, వాటిలో యూదా రాజు యెహోయాకీను పేరు, అతని అయిదుగురు కొడుకుల వాటా కనిపిస్తాయి. ఆ పలక క్రీ.పూ. 592 నాటిది. చెరకి పోయేనాటికి ఎనిమిదేళ్లవాడైతే అప్పటికి పదమూడేళ్లు, అయిదుగురు కొడుకులేమిటి? పద్దెనిమిదైతే ఇరవై మూడు, రాజవంశంలో అది మామూలు. 2 రాజులు 24:15లో అతని భార్యలను కూడా తీసుకుపోయారని రాసే ఉంది. అంటే కాపీలో తప్పు దొర్లింది, ఆ తప్పుని పట్టుకునే ఆధారాలూ మిగిలాయి.

ఇలాంటి తప్పులు ఎన్ని ఉంటాయో, అసలు మాట మిగిలిందో లేదో అన్న భయం చాలామందికి ఉంటుంది. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో గొర్రెల కాపరులకి తోలు చుట్టలు దొరికాయి. వాటిలో యెషయా గ్రంథం మొదటినుంచి చివరిదాకా ఉంది, ఏడు మీటర్లకి పైగా పొడవు, క్రీస్తుకి నూరేళ్ల పైన ముందుది. దానికి ముందు మన చేతిలో ఉన్న హెబ్రీ ప్రతులు క్రీ.శ. 1000 ప్రాంతానివి. మధ్యలో వెయ్యేళ్లకి పైగా తేడా. పోల్చి చూస్తే అక్షరక్రమం తేడాలు చాలా, చిన్న మాటల తేడాలు కొన్ని, అయినా గ్రంథం అదే. నలభయ్యో అధ్యాయంలో ఆ చుట్ట రాసినాయన కన్ను జారి ఒక వాక్యం వదిలేస్తే ఇంకొకాయన వచ్చి వరసల మధ్యలో, అంచులో దాన్ని ఇరికించి రాశాడు. ఆ దిద్దుబాటు ఈనాటికీ యెరూషలేములోని ఆ చుట్టలో కనిపిస్తుంది. సువార్తల్లో కూడా మార్కు చివరి పన్నెండు వచనాలు, యోహాను ఎనిమిదిలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, నాలుగో శతాబ్దపు పెద్ద గ్రీకు ప్రతుల్లో లేవు. ఇది సండే స్కూల్లో పిల్లలకి నేనే చెబుతాను. ముందు మన దగ్గర వినాలి, తర్వాత ఎక్కడో వీడియోలో విని టెన్షన్ పడకూడదు.

ఇప్పుడు పాస్టర్ల సంగతి.

మా అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. స్వస్థత కూడికలు పెట్టే ఒకాయన, పేరు చెప్పను, ఇంటికొచ్చి ప్రార్థన చేసి, యెషయా 53:5 చూపించి, "ఆయన పొందిన దెబ్బలచేత స్వస్థత కలిగింది అని ఉందా లేదా, నమ్ముతున్నావా లేదా, నమ్మితే ఆ సూది ఎందుకు" అన్నాడు. అమ్మకి వాక్యం అంటే ప్రాణం. ఆపేసింది. మాకు చెప్పలేదు. షుగర్ ఎక్కడికో వెళ్లిపోయి, ఊపిరి ఎగపోస్తూ మాటలు తడబడుతుంటే ఆస్పత్రిలో చేర్చాం. తేరుకున్నాక కూడా సూది వేయించుకోను, అది అవిశ్వాసం అని మొండికేసింది. డాక్టర్ చెప్పారు, నేను చెప్పాను, ఏడ్చాను కూడా. వినలేదు. ఆమె దృష్టిలో డాక్టర్ మాట మనిషి మాట, ఆయన చూపించింది దేవుని మాట.

అప్పుడు బాపు వాదించలేదు. మంచం పక్కన కూర్చుని అదే యెషయా తీసి ముప్పై ఎనిమిదో అధ్యాయం చదివాడు. హిజ్కియా రాజు చావుకి దగ్గరైతే దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాడు, ఆ మాట చెప్పిన యెషయానే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకి కట్టమన్నాడు. మాట ఇచ్చిందీ దేవుడే, కట్టు కట్టమన్నదీ ఆయన ప్రవక్తే. ఆ తర్వాత 2 తిమోతి చివరి అధ్యాయం తీశాడు. "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని పౌలు రాశాడు. త్రోఫిము ఎఫెసువాడు. అదే ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతి రుమాళ్లతో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాలు 19లో ఉంది. అమ్మ లేచి కూర్చుని, "ఏందిది, మరి ఈయనకు పౌలు చేతులెందుకు పెట్టలే?" అంది. బాపు, "పెట్టే ఉంటడు. అయినా తక్కువ కాలే. పౌలుకు విశ్వాసం లేదందామా?" అన్నాడు. ప్రతి లేఖనమూ దైవావేశం వల్ల కలిగిందని రాసి ఉన్నది కూడా ఆ పత్రికలోనే, ఒక్క అధ్యాయం ముందు. ప్రతి లేఖనమూ అంటే త్రోఫిము వచనం కూడా. అమ్మ ఆ రాత్రే ఇన్సులిన్‌కి చెయ్యి చాపింది.

తర్వాత ఆ ప్రసంగీకుడు మళ్లీ ఇంటికొచ్చాడు, అభిషిక్తుల, అంటే దేవుడు నియమించిన సేవకుల, మాటకి ఎదురు చెప్పకూడదు అన్నాడు. బాపు నిలబడే, "మీరు పెద్దలే అయ్యా, కాదనను. ఈ పుస్తకం మీకన్నా పెద్దది, నాకన్నా పెద్దది. దీంట్లో మొత్తం ఏమున్నదో చూసినంకనే మీ మాట వింట" అన్నాడు. నా మనసులో లేఖనాల అధికారం అంటే ఇదే. పౌలు చెప్పింది నిజమో కాదో అని బెరయ ఊరివాళ్లు రోజూ లేఖనాలు తీసి చూశారని అపొస్తలుల కార్యాలు 17 మెచ్చుకుంటుంది. పౌలునే పరీక్షించొచ్చు అంటే మన ఊరి ప్రసంగీకుడు ఎంత?

బైబిల్‌ని అడ్డం పెట్టుకుని మనుషుల్ని అణచినవాళ్లు లేరని నేను అనను. అమెరికాలో బానిసల యజమానులు పౌలు పత్రికలు చూపించారు. కానీ 1807లో లండన్‌లో ఒక బైబిల్ అచ్చయింది, వెస్టిండీస్‌లోని నల్లజాతి బానిసల కోసం ఏరి కూర్చింది. మామూలు బైబిల్‌లో 1,189 అధ్యాయాలుంటే దాంట్లో 232. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ కథ తీసేశారు, క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీయులకు 3:28 తీసేశారు, దాసులారా యజమానులకి లోబడండి అన్నది ఉంచారు. మొత్తం పుస్తకం వాళ్ల చేతిలో పెట్టడానికి భయపడ్డారు. మా నానమ్మ లాంటి వాళ్లు, ఊరి బడి గడప ఎక్కనివ్వని వాళ్లు, ఇంటింటికీ తిరిగి బైబిల్ చదివి చెప్పే బైబిలు స్త్రీల దగ్గర అక్షరాలు కూడబలుక్కుని మొత్తం పుస్తకం చదువుకున్నారు. నానమ్మ చివరి రోజుల్లో కూడా ప్రసంగంలో వచనం తప్పు చెబితే కూర్చున్న చోటు నుంచే సరిదిద్దేది. అక్షరం వచ్చిన ఆ ముసలామెకి ఎవరూ సగం వచనం అమ్మలేకపోయారు.

నాకు బరువుగా ఉండే భాగాలు లేవా అంటే ఉన్నాయి. ఇశ్రాయేలీయులు కనాను దేశంవాళ్లని చంపిన యుద్ధాల అధ్యాయాలు చదివేటప్పుడు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది, వాటికి చెప్పే జవాబులు కొన్ని నాకు సరిపోవు. క్రీస్తు పుట్టినప్పుడు జరిగిందని లూకా రాసిన జనాభా లెక్కకి సిరియా అధిపతి కురేనియ ఏలిన కాలం ఎలా కుదురుతుందన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నాకు నచ్చని అధ్యాయం తీసి పక్కన పెట్టే హక్కు నాకుంటే, త్రోఫిము వచనం పక్కన పెట్టే హక్కు ఆ ప్రసంగీకుడికీ ఉండేది. అందుకే తీసేయను, అర్థంకానిది అర్థంకానట్టే ఉంచి చదువుతాను.

మీ స్నేహితురాలితో మాట్లాడాలనుకుంటే వైరుధ్యాల చిట్టా పట్టుకుని వెళ్లకండి, ఆమె జవాబుల చిట్టా తెస్తుంది, ఇద్దరూ అలిసిపోతారు. లూకా సువార్త తీసుకోండి, ఇరవై నాలుగు అధ్యాయాలే, ఆమెని కూడా అదే చదవమనండి, ఏ అధ్యాయం దగ్గర మీకు నమ్మబుద్ధి కాలేదో అక్కడ ఆపి అడగండి. పాత అనువాదం భాష కష్టంగా ఉంటే వాడుక భాషలో వచ్చినవి ఉన్నాయి, హన్మకొండలో క్రైస్తవ పుస్తకాల షాపులో అడిగితే ఇస్తారు.