టెక్ సందేహాలు: టర్న్‌టేబుల్ మారిస్తే పాట మారుతుందా?

ప్రశ్న: నా దగ్గర మంచి బెల్ట్ డ్రైవ్ (మోటారు రబ్బరు బెల్టుతో తిప్పే) టర్న్‌టేబుల్ ఉంది. దానికి నాలుగు రెట్ల ధర ఉన్న మోడల్‌కి మారితే అవే రికార్డులు కొత్తగా వినిపిస్తాయని మిత్రుడు అంటున్నాడు. రెండూ పేరున్న కంపెనీలవే. నిజంగా తేడా ఉంటుందా, డబ్బు పెట్టాం కాబట్టి ఉన్నట్టు అనిపిస్తుందా?

జవాబు: రెండింటికీ ఒకే కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) సరిగ్గా బిగించి, దాని సిగ్నల్‌ను పెంచే ఒకే ఫోనో ప్రీయాంప్‌తో, ఒకే రికార్డు వేసి వింటే తేడా చాలా చిన్నది. ఎక్కువ పాటల్లో, ఎక్కువ మందికి అది తెలియదు. అలాగని మీ మిత్రుడి మాట కొట్టిపారేయను. ఆయన తేడా విని ఉండొచ్చు. అది టర్న్‌టేబుల్ నుంచే వచ్చిందా అన్నది చూడాలి.

టర్న్‌టేబుల్ చేయాల్సిన పనులు ప్రధానంగా రెండు. రికార్డును నిమిషానికి 33⅓ సార్లు నిలకడగా తిప్పాలి. గాడిలో ఉన్న కదలిక తప్ప మరే అదురూ ముల్లుకు తగలకుండా చూడాలి. గాడిని చదివి కరెంటుగా మార్చేది కార్ట్రిడ్జ్. అందుకే అది మారితే ధ్వని స్వభావం స్పష్టంగా మారుతుంది.

ముందు వేగం సంగతి. వేగం హెచ్చుతగ్గులైతే శ్రుతి ఊగుతుంది. దీన్నే వావ్ అండ్ ఫ్లట్టర్ అంటారు. టెక్నిక్స్ కంపెనీ టర్న్‌టేబుల్ ఎస్‌ఎల్-1200 మొదట 1972లో వచ్చింది. 1979లో వచ్చిన దాని మార్క్ 2 మోడల్‌కే ఈ అంకె 0.025 శాతం. ఇప్పుడు మీ రికార్డు మధ్యలో ఉన్న రంధ్రం చూడండి. అది అసలు కేంద్రానికి అర మిల్లీమీటరు పక్కకు పడిందనుకుందాం. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గాడి దగ్గర వేగం అటూ ఇటూ 0.5 శాతం మారుతుంది. అంటే పై అంకెకి ఇరవై రెట్లు. పియానో నోటు సాగే చోట ఈ ఊగిసలాట చెవికి తెలుస్తుంది. ఎంత ఖరీదైన యంత్రం మీద పెట్టినా ఆ రికార్డు అలాగే ఊగుతుంది. రంధ్రం ఎంత పక్కకు ఉందో కొలిచి, రికార్డును జరిపి సరిచేసే టీఎక్స్-1000 అనే టర్న్‌టేబుల్‌ని 1980ల్లో నకమిచి తయారుచేసింది. నాకు ఆ ఆలోచన అంటే ఎంతో గౌరవం. సమస్య ఎక్కడుందో అక్కడే చెయ్యి వేసింది.

మోటారు, బేరింగ్ నుంచి వచ్చే గురగుర, అంటే రంబుల్, విషయమూ ఇంతే. మంచి యంత్రాల్లో అది రికార్డు సొంత సరసర కంటే కిందే ఉంటుంది. బెల్టా, డైరెక్ట్ డ్రైవా (మోటారే నేరుగా తిప్పడమా) అన్న వాదన కూడా ఈ స్థాయిలో పట్టించుకోవాల్సినంత పెద్దది కాదు.

మరి తేడా విన్నామని చెప్పేవాళ్లు ఏం వింటున్నారు? చాలాసార్లు యంత్రంతో పాటు మారిపోయిన మిగతా వాటిని. ఒకసారి నేనూ, నా స్నేహితుడూ రెండు టర్న్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టి గంటసేపు విన్నాం. రెండోదే బాగుందని ఇద్దరం ఒప్పుకున్నాం. తర్వాత కొలిస్తే దాని కార్ట్రిడ్జ్ లెవెల్ దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువ. అంత చిన్న తేడా సౌండ్ పెరిగినట్టు అనిపించదు, పాట బాగున్నట్టు అనిపిస్తుంది. లెవెల్ సమం చేశాక ఇద్దరం ఏది ఏదో చెప్పలేకపోయాం.

ఇంకో కారణం చాలామంది దృష్టికి రాదు. మూవింగ్ మ్యాగ్నెట్ (ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే) కార్ట్రిడ్జ్ ట్రెబుల్ ఎలా ఉంటుందన్నది దానికి తగిలించిన వైరు కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిలవ ఉంచుకునే గుణం) మీద కూడా ఆధారపడుతుంది. టర్న్‌టేబుల్ మారితే ఆ వైరూ మారుతుంది. కార్ట్రిడ్జ్‌ను మోసే చెయ్యి, అంటే టోన్‌ఆర్మ్, కూడా మారుతుంది. ఆర్మ్ బరువు, ముల్లు స్ప్రింగులా వంగే గుణం కలిసి ఒక రెజొనెన్స్ (తనంతట తాను ఊగే సహజ వేగం) ఏర్పడుతుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే మంచిది. తక్కువైతే వంకర తిరిగిన రికార్డుల మీద ఆర్మ్ ఊగుతుంది, బాగా ఎక్కువైతే పాటలోని బేస్‌ను తాకుతుంది. ఇలాంటి తేడాలు నిజమైనవే. కానీ ఇవి ధరతో పాటు పెరిగేవి కావు, జోడీ కుదరడం వల్ల వచ్చేవి.

యంత్రం నిజంగా పనితనం చూపించే చోటు ఒకటుంది. అది బయటి అదురును ఆపడం. స్పీకర్ల బేస్ బల్లను కదిలించి, అక్కడి నుంచి ముల్లును చేరితే ధ్వని మసకబారుతుంది. స్ప్రింగుల మీద తేలే లిన్ ఎల్‌పీ12 లాంటి డిజైన్లు ఇందుకోసమే. మీ ఇంట్లో ఈ సమస్య ఉందో లేదో తేల్చుకోవడం సులువు. తిరగని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, బల్లను వేలితో తట్టండి. స్పీకర్లో ధబ్‌మని వినిపిస్తే ముందు బల్ల మార్చండి, లేదా గోడకు బిగించే అర పెట్టించండి. కొత్త టర్న్‌టేబుల్ కొన్నా అదే బల్ల మీద పెడితే లాభం తక్కువ.

కొనేముందు మీ మిత్రుడి యంత్రం ఒక రోజు దొరికితే ఇలా పరీక్షించండి. మీ కార్ట్రిడ్జ్‌నే రెండింటికీ బిగించండి. ముల్లు రికార్డు మీద మోపే బరువును చిన్న డిజిటల్ త్రాసుతో సమం చేయండి. ఒకే పాటను రెండింటి మీదా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి రికార్డ్ చేయండి. టెస్ట్ రికార్డులోని 1,000 హెర్ట్జ్ టోన్ ఆధారంగా లెవెళ్లు 0.1 డెసిబెల్ లోపు కలపండి. ఇరవై సెకన్ల ముక్కలు తీసుకుని, ఫూబార్2000 అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో, వినిపించింది రెండింట్లో ఏదో చెప్పమని అడిగే ఏబీఎక్స్ కంపారేటర్‌తో పేర్లు కనపడకుండా వినండి. 16 సార్లు విని కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా వినిపిస్తోందని నమ్మొచ్చు. ఊరికే ఊహించి 12 లేదా అంతకంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్పే అవకాశం వందలో నాలుగు కంటే తక్కువ.

డిజిటల్‌లోకి మారిస్తే అసలు తేడా పోతుందని కొందరు అభ్యంతరం చెప్తారు. మొబైల్ ఫిడిలిటీ అనే రికార్డుల సంస్థ తన ఎల్పీల తయారీలో డీఎస్‌డీ అనే డిజిటల్ రికార్డింగ్ దశను వాడుతోందని 2022లో బయటపడింది. అప్పటిదాకా ఆ రికార్డులను పూర్తి అనలాగ్ అనుకుని మెచ్చుకున్నవాళ్లలో ఖరీదైన పరికరాలున్న శ్రోతలు ఎందరో. వాళ్లకు అడ్డం రాని డిజిటల్ దశ మీ పరీక్షకూ అడ్డం రాదు.

అందంగా, నిశ్శబ్దంగా, పాతికేళ్లు పనిచేసే యంత్రం కావాలనుకుంటే పెద్ద మోడల్ హాయిగా కొనుక్కోండి. అవి మంచి కారణాలే. ధ్వని కోసమే అయితే ఆ డబ్బులో కొంత కార్ట్రిడ్జ్ మీద పెట్టండి.

ప్రశ్న: టర్న్‌టేబుల్ వేగం ఫోన్ యాప్‌తో కొలవొచ్చా?

జవాబు: కొలవొచ్చు. ఫోన్‌లోని గైరోస్కోప్ తిరుగుడును డిగ్రీల్లో చదువుతుంది. 33⅓ వేగం అంటే సరిగ్గా సెకనుకు 200 డిగ్రీలు, 45 అంటే 270. ఆర్మ్‌ను స్టాండులో లాక్ చేసి, పనికిరాని రికార్డు మీద ఫోన్‌ను మధ్యకు పెట్టండి. సగటు వేగం వరకు ఈ అంకె పనికొస్తుంది. యాప్ చూపించే వావ్, ఫ్లట్టర్ అంకెలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. వేగం ఒక శాతం ఎక్కువుంటే శ్రుతి అర్ధస్వరంలో ఆరో వంతు పెరుగుతుంది. విడిగా వింటే తప్పు తెలియదు, పాట కాస్త హుషారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. పై పరీక్షకు ముందు రెండు యంత్రాల వేగమూ సరిచూసుకోవాలి.

ప్రశ్న: ప్రతి వైపు చివరి పాట గరగరగా ఉంటోంది. టర్న్‌టేబుల్ మార్చాలా?

జవాబు: అవసరం లేదు. రికార్డు అంచున ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు సాగుతుంది, లేబుల్ దగ్గర 21 మాత్రమే. అక్కడ 10,000 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 21 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. ముల్లు గుండ్రటి కొనకు అర్ధవ్యాసమే 15 మైక్రాన్లు దాటి ఉంటుంది కాబట్టి, అంత సన్నటి మలుపుల్లో అది సరిగ్గా ఇమడదు. ఎలిప్టికల్ (అండాకారపు) కొన కొంత నయం, షిబాటా లాంటి సన్నటి కొనలు ఇంకా నయం. కొన మార్చేముందు అలైన్‌మెంట్, అంటే కార్ట్రిడ్జ్ సరైన కోణంలో ఉందో లేదో, చూడండి. కేంద్రం నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర గుర్తులున్న ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల అట్ట) మీద ముల్లు దించితే, ఆ రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే స్క్రూలు వదులు చేసి సర్దండి. సర్దాక కూడా గరగర పోకపోతే, ఆ ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో గుర్తు తెచ్చుకోండి. వెయ్యి గంటలు దాటి ఉంటే ఇంకో రికార్డు మీద పెట్టకుండా మార్చేయండి, ఎందుకంటే అరిగిన ముల్లు గాడినీ పాడుచేస్తుంది.