పాఠకుల ప్రశ్నలు: అద్దకం తరగతిలో ప్రయోగం ఎక్కడ మొదలవ్వాలి?

ప్రశ్న: నేను కళాశాల విద్యార్థులకు చిత్రలేఖనం బోధిస్తాను. ఈ ఏడాది బట్టల అద్దకాన్ని, అచ్చు వేయడాన్ని కూడా పాఠంలో చేర్చి, ఇష్టమైన రీతిలో ప్రయోగాలు చేయమన్నాను. అద్దిన ముక్కలన్నీ ఒకే మట్టిరంగుకు తిరిగాయి. అచ్చు వేసిన వాటిలో సగం మొదటి ఉతుకుకే వెలిసిపోయాయి. అంత స్వేచ్ఛ ఇచ్చి ఉండకూడదా?

జవాబు: స్వేచ్ఛ ఇవ్వవలసిందే, కానీ అన్నిటిలోనూ ఒక్కసారే ఇచ్చారు. బట్ట, రంగు, కట్టిన ముడి, నానబెట్టిన సమయం ఒకేసారి మారిపోతే, ఒక ముక్క అందంగా వచ్చినా అది ఎందుకు అలా వచ్చిందో చేసిన విద్యార్థికే తెలియదు. మొదటి కొన్ని తరగతులలో ఒకే నూలు బట్ట, ఒకే రంగు ఇచ్చి, రంగును అడ్డుకొనే పద్ధతిని మాత్రం వారికి వదిలిపెట్టండి. ఒకరు బట్టను మడతపెట్టి రెండు చెక్కముక్కల మధ్య బిగిస్తారు, ఒకరు దారంతో కుట్టి గట్టిగా లాగుతారు, మరొకరు మైనం పూస్తారు. ఒకే నీలం నుంచి ఇన్ని రూపాలు వస్తాయా అని వారే ఆశ్చర్యపోతారు. ఆ తరువాత రెండో రంగు ఇవ్వండి. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకే తడి ముక్కపై కలిస్తే మట్టిరంగే వస్తుంది కనుక, మూడోదాన్ని ఇవ్వడానికి తొందరపడకండి.

ఇక వెలిసిపోవడం సంగతి. ముందు ఆ బట్ట ఏమిటో చూడండి. ఒక పోగును పటకారుతో పట్టుకొని కాల్చితే, నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మీరు వాడినవి బహుశా రియాక్టివ్ రంగులే; 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ రంగులు సోడా వంటి క్షారం సమక్షంలో నూలులోని సెల్యులోజ్‌తో రసాయనికంగా కలిసిపోతాయి, పాలియెస్టర్‌ను మాత్రం అంటుకోవు. నూలే అయినా, కొత్త బట్టకు ఉండే గంజిని సోడా నీటిలో ఉడికించి వదిలించకపోతే రంగు సమంగా పట్టదు. అచ్చు రంగును చిక్కబరచడానికి మీరు పిండి వాడి ఉంటే, నా అనుమానం మొదట దానిమీదే. పిండిపదార్థం కూడా నూలులాగే రంగుతో కలుస్తుంది కాబట్టి, ఉతికినప్పుడు పిండితోపాటు రంగూ పోతుంది. సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌ను అందుకే వాడతారు. అచ్చు వేసిన బట్టను తడి ఆరకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, వెచ్చని చోట ఒక రాత్రి ఉంచి, ఆపైన ఉతకండి. సోడా కలిపిన రంగు నీటితోనే చర్య జరిపి కొన్ని గంటలలో సత్తువ కోల్పోతుంది కనుక, ఆ రోజుకు కావలసినంతే కలుపుకోవాలి.

విద్యార్థుల చేత తూకాలు రాయించండి. వంద గ్రాముల పొడి బట్టకు 2 గ్రాముల రంగు వేస్తే అది రెండు శాతం. నమూనా ముక్కను, చెడిపోయిన దానిని సైతం, ఆ లెక్క పక్కనే అంటించాలి. పొడి రంగు శ్వాసతో లోపలికి పోతే ఉబ్బసం వంటి అలర్జీలకు దారితీయవచ్చు కనుక, మాస్కు పెట్టుకొని మీరే ముందుగా ద్రావణాలు తయారుచేసి తీసుకెళ్లడం మంచిది.

ప్రశ్న: ఇవన్నీ రసాయనాలే కదా! సహజ రంగులతో నేర్పితే ఏ జాగ్రత్తలూ అక్కర్లేదేమో?

జవాబు: అక్కర్లేదని అనలేము. సహజ రంగును బట్టకు పట్టించడానికి వాడే ఇనుప లవణం మోతాదు మించితే పోగులు క్రమంగా పెళుసుబారి చిరిగిపోతాయి, కాబట్టి దానిని బట్ట బరువులో రెండు శాతం దాటనివ్వకండి. అద్దకానికి వాడిన పాత్రలను తిరిగి వంటకు వాడకూడదన్న నియమం సహజ రంగులకూ వర్తిస్తుంది. అయితే పాఠంగా వాటికి సాటి లేదు. కరక్కాయ కషాయంలో నానబెట్టి ఆరబెట్టిన మూడు నూలు ముక్కలు తీసుకొని, ఒకదానికి పటిక, ఒకదానికి ఇనుము పట్టించి, మూడోదాన్ని అలాగే ఉంచి, మూడింటినీ ఒకే మంజిష్ఠ వేరు రంగులో వేయించండి. పటిక ముక్క ఎర్రబారుతుంది, ఇనుము ముక్క నల్లని ఊదాకు దిగుతుంది, మూడోది వెలవెలబోతుంది. పాత్ర నుంచి తీయకముందే ఏది ఏ రంగులో వస్తుందో ఊహించి రాయమంటే, తరగతిలో వాదన దానంతట అదే మొదలవుతుంది.