హెడ్‌ఫోన్లు కొనబోతున్న బుజ్జమ్మకు

వడపళని, చెన్నై

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

బోనసు వచ్చిందనీ, మంచి హెడ్‌ఫోన్లూ వాటికి తోడుగా ఒక చిన్న యాంప్లిఫయరూ కొనాలనుకుంటున్నాననీ రాశావు. ఏ యాంప్ బాగుంటుందో చెప్పమన్నావు. ఫోనులో రెండు మాటల్లో తేల్చే సంగతి కాదని తీరిగ్గా ఈ ఉత్తరం రాస్తున్నాను. రికార్డింగు థియేటర్లలో ముప్పై ఏళ్లకు పైగా చెవులకు ఇవే తగిలించుకుని పనిచేశాను. ఈ విషయంలో నీ డబ్బు వృథా పోతే నాకు బాధగా ఉంటుంది.

ముందు యాంప్ సంగతి పక్కన పెట్టు. పాట నీ చెవికి ఎలా చేరుతుందన్నది దాదాపు అంతా హెడ్‌ఫోను చేతిలోనే ఉంది. యాంప్ పని దానికి కావలసిన విద్యుత్తు అందించడం, తన గొంతు కలపకుండా ఊరుకోవడం. హెడ్‌ఫోను స్వభావాన్ని మార్చే యాంప్ కోసం వెతికేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు కావలసింది నిజానికి వేరే హెడ్‌ఫోను.

నువ్వు వేళచ్చేరిలో మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటున్నావు. ఓపెన్ బ్యాక్ రకం, అంటే చెవి డిప్పల వెనక భాగం తెరిచి ఉండేది, పెట్టుకుంటే నీ పాట వాళ్లకూ వినిపిస్తుంది, వాళ్ల మాటలు నీకూ వినిపిస్తాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కొన్న నెలకే మంచి హెడ్‌ఫోను అటకెక్కడానికి తరచూ ఇదే కారణం. అయినా ఓపెన్ బ్యాక్ అంటే ఏమిటో ఒకసారి వినకుండా వదిలేయకు. నా దగ్గరున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఆ రకమే. 1997లో వచ్చిన నమూనా, ఇప్పటికీ తయారవుతోంది. గాత్రం విషయంలో దాన్ని మించి నా మనసుకు దగ్గరైనది లేదు. పాడేవారు ఊపిరి తీసుకునే చోటు, గమకంలో స్వరం ఊగి తిరిగి నిలబడే చోటు, తంబురా తీగ మీటిన తరువాత మెల్లగా విచ్చుకునే నాదం, ఇవన్నీ ఎవరూ ఎత్తి చూపకుండానే వినిపిస్తాయి. లోపం కూడా చెప్పాలి. అట్టడుగు బేస్, అంటే మంద్రమైన శబ్దం, తగ్గిపోతుంది. మృదంగం ఎడమ మూత దెబ్బ వినిపిస్తుంది, కానీ గుండెకు తగలదు.

డిప్పల వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్‌లో బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్‌ల రకం నీకు తగవచ్చు. బేస్ నిండుగా ఉంటుంది, పైస్థాయి స్వరాలు మెరుస్తాయి, మధ్యలో గాత్రం ఒక అడుగు వెనక్కి జరిగినట్లు ఉంటుంది. దాని మెత్తలు మఖమల్ లాంటి గుడ్డవి కావడం మన ఊరి ఉక్కకు మేలు. కృత్రిమ తోలు మెత్తలు ఇక్కడి చెమటకూ సముద్రపు గాలికీ పొరలు పొరలుగా రాలిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. సోనీ ఎండీఆర్ 7506 నేను పనిలో ఏళ్ల తరబడి వాడాను. రికార్డింగులో తప్పు పట్టుకోవడానికి అది ఎంతో నమ్మకమైనది, కానీ శకార సకారాలు సూదిలా గుచ్చుతాయి. రాత్రిపూట హాయిగా వినడానికి నేను దాన్ని తీయను. డబ్బు ఎక్కువ పెట్టలేనంటే కాస్ పోర్టా ప్రో ఉంది. 1984 నాటి రూపమే, చెవి మీద నూలు పోగులా ఉంటుంది, పాత సినిమా పాటలు దానిలో వెచ్చగా వినిపిస్తాయి. అది కూడా బయటికి వినిపించే రకమే.

నువ్వు కళ్లద్దాలు పెట్టుకుంటావు కదా, ఇది బాగా గుర్తుంచుకో. క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోనులో బేస్ నిలవాలంటే మెత్త చెవి చుట్టూ గాలి పోకుండా అతుక్కోవాలి. కళ్లద్దాల కాడ ఆ అతుకును విడదీస్తుంది, బేస్ జారిపోతుంది. దుకాణంలో కళ్లద్దాలు తీసి విని నచ్చిందని కొని, ఇంట్లో పెట్టుకుని వింటే పలచగా ఉందని బాధపడకు. పెట్టుకునే విను. మెత్తలు అణిగిపోయినప్పుడు కూడా శబ్దం మారుతుంది. ఏడాదో రెండేళ్లో వాడాక పాట మునుపటిలా లేదనిపిస్తే, కొత్త హెడ్‌ఫోను కొనే ముందు కొత్త మెత్తలు వేయించు.

ఇప్పుడు యాంప్ సంగతి. పెట్టె మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది ఇంపీడెన్స్, అంటే విద్యుత్తుకు హెడ్‌ఫోను ఎంత అడ్డుపడుతుందో చెప్పేది, ఓమ్‌లలో ఉంటుంది. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పేది. ఓమ్‌లు ఎక్కువైతే యాంప్ తప్పదని అందరూ అంటారు, అది సగం నిజమే. లెక్క వేసి చూడు. ఫోనుకు తగిలించే చిన్న యూఎస్‌బీ డాంగిల్ 1 వోల్టు ఇస్తుందనుకో. ఆ 1 వోల్టుతో 32 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు 31 మిల్లీవాట్లు అందుతాయి, 300 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు 3.3 మిల్లీవాట్లే. పెద్ద ఓమ్‌లకు వోల్టేజి కావాలి, చిన్న ఓమ్‌లకు కరెంటు కావాలి. పలచని పొర అయస్కాంతాల మధ్య కదిలి పలికే ప్లానార్ మాగ్నెటిక్ రకాలు కొన్ని ఓమ్‌లు తక్కువగా ఉండి కూడా గట్టిగా పలకవు, అవి కరెంటు ఎక్కువ తాగుతాయి. అందుకే ఓమ్‌లు ఒక్కటే చూసి నిర్ణయించకు.

మిల్లీవాట్ల అంకె పెద్దదని యాంప్ కొనకు. శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. ఆ అంకె కంటే అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్‌కు సొంతంగా ఉండే ఓమ్‌లు, ముఖ్యం. అది హెడ్‌ఫోను ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకూడదని మా రంగంలో ఒక లెక్క ఉంది. మించితే చాలా హెడ్‌ఫోన్లలో బేస్ ఉబ్బి పట్టు తప్పుతుంది. నీకు డీటీ 770 నచ్చితే 80లో ఎనిమిదో వంతు 10 ఓమ్‌లు. మంచి డాంగిళ్లకు ఒకటి రెండు ఓమ్‌లే ఉంటుంది. కాబట్టి ముందు డాంగిల్‌తో విను. శబ్దం మీటను ముప్పాతిక దాకా తిప్పేసరికే నీకు చాలిందంటే, యాంప్ డబ్బు దాచుకో. బ్లూటూత్ హెడ్‌ఫోన్లయితే యాంప్ వాటి లోపలే ఉంటుంది, బయటిది కొనే ప్రశ్నే లేదు.

చిన్న యాంప్‌ల మీద నాకున్న ప్రేమ వేరు. చు మోయ్ అనే ఆయన అందరికీ తెలియజేసిన ఒక సర్క్యూట్ ఉంది. ఎడమ, కుడి చానళ్లు రెండింటికీ కలిపి ఒకే ఐసీ (చిన్న చిప్పు), ఒక 9 వోల్టుల బ్యాటరీ, గుప్పెడు రెసిస్టర్లూ కెపాసిటర్లూ. రెండు సమానమైన రెసిస్టర్లతో ఆ 9 వోల్టులను సగానికి చీల్చి, నడిమి బిందువును గ్రౌండుగా, అంటే సున్నా వోల్టుగా, తీసుకుంటారు. పిప్పరమెంటు రేకుడబ్బాలో మొత్తం ఇమిడిపోతుంది, ఆ రేకే బయటి విద్యుత్ రొదను అడ్డుకునే కవచం. రిచీ స్ట్రీట్‌లో సామాను కొని మన ఇంటి భోజనాల బల్ల మీద నేనే సోల్డరింగ్ చేశాను. మొదటిసారి పలికించినప్పుడు ఒకటే సలసల శబ్దం, ఐసీ వేలు పెట్టలేనంత వేడి. అతుకులన్నీ మూడు రోజులు తిరగేసి చూశాను. చివరికి తేలింది ఏమిటంటే, కొన్న ఐసీ మీద పేరు అచ్చువేసి ఉంది గానీ లోపలి సరుకు వేరు. మరో చోట అసలుది తెచ్చి పెట్టగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి వీణ మొదటి మీటు వినిపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. 2011లో పేరు చెప్పుకోని మరో ఇంజనీరు ఓ2 అనే సర్క్యూట్‌ను కొలతలతో సహా అందరి ముందూ పెట్టాడు. అది ఇంకా శుభ్రమైనది. ఇవి రెండూ విన్న తరువాత, శుభ్రమైన శబ్దానికి పెద్ద మొత్తం అక్కర్లేదని నాకు నమ్మకం కుదిరింది.

పోల్చి వినేటప్పుడు శబ్దం సమానంగా ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వల్లే మా రంగంలోని పెద్దవాళ్లు కూడా మోసపోయారు, నేనూ మోసపోయాను. కాస్త గట్టిగా పలికినదాన్ని చెవి "గట్టిగా ఉంది" అనుకోదు, "స్పష్టంగా ఉంది" అనుకుంటుంది. రెండు యాంప్‌లను పోల్చాలంటే హెడ్‌ఫోను తగిలించి ఉండగానే 100 హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి, మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి చూసి రెండింటినీ సమానం చేయాలి. మామూలు మల్టీమీటర్లు పైస్థాయి స్వరాలను సరిగా కొలవలేవు, అందుకే తక్కువ స్థాయి స్వరం. తరువాత ఏది ఏదో చెప్పకుండా నీ స్నేహితురాలిని మార్చమను. ఇలా చేస్తే చాలా తేడాలు మాయమవుతాయి. మాయం కానివే నిజం.

వినే పాట నీకు కంఠతా వచ్చినదై ఉండాలి. నువ్వు పదేళ్లు పాట నేర్చుకున్నావు, నీ పాఠంలోని త్యాగరాజ కీర్తననే పెట్టుకో. అసలు గొంతు ఎలా ఉంటుందో చెవికి గుర్తు ఉండాలి కూడా. సభల్లో ఇప్పుడు అన్నీ మైకుల మీదే. వచ్చే ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మైలాపూరు మాడవీధుల్లో భజన బృందం వెంట నాతో రా. మైకు లేని గొంతులు, తాళాలు, నడకతో దగ్గరై దూరమయ్యే శబ్దం. ఆ తరువాత ఏ హెడ్‌ఫోను అబద్ధం చెబుతోందో నీకే తెలుస్తుంది.

మరో సంగతి ఉంది, దీన్ని అశ్రద్ధ చేయకు. నా ఎడమ చెవిలో పదకొండేళ్లుగా హోరు ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక అది ఇంకా పెద్దదవుతుంది. చుట్టూ ఉన్న రొదను మింగేయడానికి హెడ్‌ఫోన్ల శబ్దం పెంచుకుంటూ పోయిన ఏళ్ల ఫలితం అది. పైస్థాయి స్వరాలు నాకు సరిగా అందవు, కాబట్టి వాటి మీద నా తీర్పు కంటే నీ చెవినే నమ్ము. 85 డెసిబెళ్ల దగ్గర రోజుకు 8 గంటలు హద్దని చెబుతారు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. షోళింగనల్లూరు బస్సులో ఆ రొద మీద పాట వినాలంటే నీకు తెలియకుండానే చేయి మీటను పైకి తిప్పుతుంది. బస్సుకు చెవిలో బిగుతుగా కూర్చుని బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోన్లు వేరే పెట్టుకో. వాటికి యాంప్ పెట్టకు, అనవసరంగా యాంప్ సొంత రొద వినిపిస్తుంది.

ఈ ఆదివారం పొద్దున్నే రా, ఏదీ కొనకుండా రా. కళ్లద్దాలూ, ల్యాప్‌టాపూ, నీ పాటలూ తెచ్చుకో. హెచ్‌డీ 600, 7506 రెండూ తుడిచి పెట్టాను. రేకుడబ్బాలో కొత్త బ్యాటరీ వేశాను. మీ పెద్దమ్మ పెసరట్లకు శనివారం రాత్రే నానబెడతానంది, ఎన్ని గంటలకు వస్తావో ఒక మాట చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న